విషాన్ని తినదు, ఊపిరిగా పీలుస్తుంది

గంపలో గడ్డి పరిచి మామిడికాయలు మాగేస్తే నాలుగైదు రోజుల్లో పండుతాయి. వాటిని పండించేది ఇథిలీన్ అనే వాయువు. కాయలే దాన్ని వదులుతాయి, గడ్డి దాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు, అంతే దాని నిర్మాణం.

1990ల చివర్లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో, డోవర్ వైమానిక స్థావరం కింద ఉన్న భూగర్భజలంలో కొందరు శాస్త్రవేత్తలు ఇదే వాయువు కోసం నెలల తరబడి వెతికారు. అది కనబడితే నేలలోకి దిగిన ఒక విషం పూర్తిగా విరిగిపోయినట్టు. కనబడకపోతే పని మధ్యలో ఆగినట్టు. మధ్యలో ఆగితే ఎంత ప్రమాదమో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. "విషం తినే బ్యాక్టీరియా" అని వార్తలు తరచూ చదువుతుంటాం. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే, ఎవరైనా ఒక సంచి పొడి తెచ్చి బోరులో పోసి "ఇక నీళ్లు బాగయ్యాయి" అంటే నమ్మేస్తాం.

ముందు ఆ విషం సంగతి చూద్దాం. ట్రైక్లోరోఇథిలీన్, వాడుకలో టీసీఈ. లోహపు భాగాలకు అంటిన గ్రీజును క్షణాల్లో వదిలిస్తుంది కాబట్టి విమానాల మరమ్మతు షెడ్లలో, యంత్రాల ఫ్యాక్టరీల్లో దశాబ్దాల పాటు డ్రమ్ములకు డ్రమ్ములు వాడారు. దాని అన్న లాంటిది పీసీఈ, అంటే టెట్రాక్లోరోఇథిలీన్, డ్రై క్లీనింగ్ షాపుల్లో బట్టలు ఉతికే ద్రవం. రెండిటి ఎముకల గూడు మన మామిడి వాయువుదే. ఇథిలీన్‌లో హైడ్రోజన్లు ఉన్న నాలుగు చోట్లా క్లోరిన్లు కూర్చుంటే పీసీఈ. మూడు చోట్ల కూర్చుంటే టీసీఈ.

వాడేసిన ద్రవాన్ని అప్పట్లో షెడ్డు వెనక గుంటలో పారబోసేవాళ్లు. పెట్రోలు లీకైతే నీళ్ల మీద తేలుతుంది, కనీసం ఎక్కడుందో తెలుస్తుంది. టీసీఈ నీటికంటే బరువు. లీటరు దాదాపు 1.46 కిలోలు తూగుతుంది. అందుకే భూగర్భజలాన్ని కూడా దాటుకుంటూ కిందికి దిగిపోయి, బంకమట్టి పొర మీదో రాతి గుంతలోనో చేరి కూర్చుంటుంది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా నీళ్లలో కరుగుతూ ఉంటుంది. అమెరికాలో తాగునీటికి దాని హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు. లెక్క వేసి చూడండి: ఒక్క లీటరు టీసీఈ చాలు, 29 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చడానికి. మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని మొదటి వర్గంలో పెట్టింది.

అలాంటి నీళ్లను మోటారుతో పైకి తోడి శుద్ధి చేయడమే చాలాకాలం పాటు అందరికీ తెలిసిన దారి. తోడిన నీళ్లు బాగానే శుభ్రమవుతాయి. కానీ అసలు విషం కిందే ఉంటుంది. ముప్ఫై నలభై ఏళ్లలో బంకమట్టి లోపలికి ఇంకిపోయిన టీసీఈ, చుట్టూ నీళ్లు కాస్త తేటపడగానే మళ్లీ బయటికి ఊరుతుంది. మోటారు ఆపిన కొన్నాళ్లకు అంకెలు మళ్లీ మొదటికొస్తాయి. పైకి తోడలేని విషాన్ని ఉన్నచోటే విరగ్గొట్టాలన్న ఆలోచన ఈ విసుగులోంచే బలపడింది.

ఇక్కడే "తినడం" అనే మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మనం అన్నం తింటాం, ఆక్సిజన్ పీలుస్తాం. అన్నంలోని ఎలక్ట్రాన్లు ఒంట్లో చేతులు మారుతూ మారుతూ చివరికి ఆక్సిజన్‌కు చేరతాయి. ఆ ప్రయాణంలో పుట్టే శక్తితోనే మనం బతుకుతాం. ఇచ్చేది అన్నం, పుచ్చుకునేది ఆక్సిజన్. ఏ జీవికైనా ఇలా ఇచ్చేదొకటి, పుచ్చుకునేదొకటి కావాలి. పెట్రోలులోని బెంజీన్, టోలుయీన్ లాంటివి బ్యాక్టీరియాకు అన్నం లాంటివే, వాటి దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లు దండిగా ఉంటాయి. నేలలో ఉండే మామూలు బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందిస్తే చాలు, వాటిని నిజంగానే తినేస్తాయి. పీసీఈ సంగతి పూర్తిగా వేరు. నాలుగు క్లోరిన్లు కార్బన్ల దగ్గరున్న ఎలక్ట్రాన్లను తమవైపు లాగేసుకున్నాయి. దాని దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, పుచ్చుకోవడానికి మాత్రం ఎప్పుడూ సిద్ధం. అంటే అది అన్నం స్థానంలో పనికిరాదు, ఆక్సిజన్ స్థానంలో పనికొస్తుంది. గాలి అందని లోతుల్లో దాన్ని పీల్చి బతికే జీవి ఉండాలి.

ఉంది. ఒక్కసారి పీల్చినప్పుడల్లా ఒక క్లోరిన్ ఊడిపోయి, దాని చోట హైడ్రోజన్ వచ్చి కూర్చుంటుంది. నాలుగు క్లోరిన్ల పీసీఈ మూడింటి టీసీఈ అవుతుంది, తర్వాత రెండింటి డీసీఈ (డైక్లోరోఇథిలీన్), ఆపైన ఒక్కటే మిగిలిన వినైల్ క్లోరైడ్, చివరికి ఇథిలీన్. ఊడిన క్లోరిన్ నీళ్లలో క్లోరైడ్‌గా కలుస్తుంది, మనం వంటలో వేసే ఉప్పులో ఉండేది అదే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వోగెల్, మెకార్టీ 1985లో పీసీఈ ఇలా వినైల్ క్లోరైడ్ దాకా దిగడం చూపించారు. 1989లో కార్నెల్‌లో ఫ్రీడ్‌మన్, గాసెట్ అది ఇథిలీన్ దాకా వెళ్లగలదని చూపించారు. ఆ పని చేస్తున్న జీవి ఏదో పట్టుకోవడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. 1997లో కార్నెల్ బృందమే దాన్ని వేరుచేసింది. దొరికింది ఏ విషపు గుంటలోనో అనుకునేరు, ఇథకా పట్టణపు మురుగు శుద్ధి కేంద్రంలోని బురదలో. తర్వాత 2013లో ఈ జాతికి పెట్టిన పేరు డీహాలోకోకాయిడీస్ మెకార్టియై, పెర్రీ మెకార్టీ గౌరవార్థం. ఈ రంగంలో పనిచేసేవాళ్లు పొట్టిగా డీహెచ్‌సీ అంటారు.

దీని స్వభావం చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. మిగతా బ్యాక్టీరియా ఇది దొరక్కపోతే అది అని సర్దుకుంటాయి. డీహెచ్‌సీకి ఆ గుణం లేదు. పీల్చడానికి క్లోరిన్ లాంటి హాలోజన్లున్న పదార్థాలే కావాలి. తినడానికి హైడ్రోజన్ వాయువే కావాలి. ఒంటిని కట్టుకోవడానికి అసిటేట్ కావాలి. విటమిన్ బీ12 తప్పనిసరి, కానీ సొంతంగా తయారు చేసుకోలేదు, ఇరుగుపొరుగు బ్యాక్టీరియా ఇవ్వాలి. ఆక్సిజన్ తగిలితే దెబ్బతింటుంది. 2005లో దీని జన్యుపటం మొత్తం చదివారు. 15 లక్షల అక్షరాలు కూడా లేవు, స్వతంత్రంగా బతికే జీవుల్లో చాలా చిన్న పుస్తకం. అంత చిన్న పుస్తకంలోనూ క్లోరిన్ ఊడదీసే ఎంజైముల జన్యువులు పదిహేడు ఉన్నట్టు తేలింది.

మనిషి తయారు చేసిన విషాన్ని పీల్చడం ఇది ఎక్కడ నేర్చుకుంది? నిజానికి క్లోరిన్ ఉన్న కార్బన్ పదార్థాలు మనిషితో మొదలు కాలేదు. అడవి నేలల్లో, సముద్రపు నాచుల్లో అవి వేల రకాలుగా సహజంగానే పుడతాయి. ఆ పాత విద్యకే ఫ్యాక్టరీ ద్రవం కొత్తగా తోడైంది.

ఇక అసలు ప్రమాదం. క్లోరిన్లు ఒక్కొక్కటే ఊడుతున్నకొద్దీ నీళ్లు మెరుగవుతాయని అనుకుంటాం. హద్దులు చూడండి: అమెరికా లెక్కలో టీసీఈకి లీటరుకు 5 మైక్రోగ్రాములు, డీసీఈలో ఇక్కడ ఎక్కువగా పుట్టే రకానికి 70, వినైల్ క్లోరైడ్‌కు 2. ఆఖరి మెట్టుకు ముందున్న పదార్థం మొదట్లో ఉన్నదానికంటే ప్రమాదకరం. అది కూడా క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోదే. పైగా వాయువు, మట్టిలోంచి పైకి వచ్చి ఇళ్లలోకి చేరగలదు. అంటే టీసీఈ పూర్తిగా మాయమైందని రిపోర్టు చూపించి సంబరపడే రోజున ఆ నీళ్లు మునుపటికంటే చెడ్డగా ఉండొచ్చు.

మధ్యలో ఆగడం అరుదైన విషయమేమీ కాదు. పీసీఈని డీసీఈ దాకా దించే బ్యాక్టీరియా చాలా రకాలున్నాయి. ఆ తర్వాతి రెండు మెట్లు దిగగలిగినవి ఇప్పటికి తెలిసినంతలో డీహెచ్‌సీ, దాని దగ్గరి బంధువులు మాత్రమే. అందులోనూ అన్నిటికీ ఒకే చేవ లేదు. కార్నెల్‌లో మొదట దొరికిన రకం ఆఖరి మెట్టు చాలా నెమ్మదిగా దిగుతుంది, దానివల్ల దానికి శక్తి కూడా రాదు. వినైల్ క్లోరైడ్‌ను పీల్చి బతకగలిగే రకాలు తర్వాత దొరికాయి. ఒకటి మిషిగన్ రాష్ట్రంలోని ఆస్కోడాలో, ఇంకొకటి టెక్సస్‌లోని విక్టోరియాలో. వాటిలో ఉన్న ప్రత్యేక జన్యువులకు బీవీసీఏ, వీసీఆర్ఏ అని పేర్లు. అందుకే ఈ రోజు "మా నేలలో డీహెచ్‌సీ ఉంది" అంటే సరిపోదు, ఆ జన్యువు ఉన్న డీహెచ్‌సీయేనా అని చూస్తారు.

డోవర్‌కు వద్దాం. అక్కడ నేలలోకి లాక్టేట్ పంపారు. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లపు లవణం అది. నేలలోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే హైడ్రోజన్ పుడుతుంది. టీసీఈ డీసీఈగా మారింది. అక్కడితో ఆగిపోయింది. 269 రోజులు గడిచినా డీసీఈ కదల్లేదు. ఆహారం ఉంది, పీల్చడానికి విషం ఉంది, పనివాడే లేడు. అప్పుడు ఫ్లోరిడాలో ఇంకో కలుషిత ప్రాంతం నుంచి పెంచిన బ్యాక్టీరియా సమూహాన్ని తెచ్చి నేలలోకి ఎక్కించారు. మళ్లీ దాదాపు మూడు నెలలు ఏ మార్పూ లేదు. ఆ మూడు నెలలు ఆ బృందం ఎంత టెన్షన్‌తో ఎదురుచూసి ఉంటుందో ఊహించగలను. తర్వాత వినైల్ క్లోరైడ్ కనిపించింది, దాని వెనకే ఇథిలీన్. 509వ రోజుకు టీసీఈ, డీసీఈ మొత్తం ఇథిలీన్ అయిపోయాయి.

ఒక్కచోట జరిగితే కాకతాళీయం అనొచ్చు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో దగ్గర కెల్లీ వైమానిక స్థావరంలో ఆ అనుమానం తీరేలా ప్రయోగం చేశారు. కెనడాలో పెంచిన కేబీ-1 అనే సమూహాన్ని ఒక మడిలో వేశారు. వేసింది 13 లీటర్లే. పోల్చడానికి వేరే మడుల్లో ఆహారం మాత్రమే ఇచ్చారు. ఆహారమే ఇచ్చిన మడులు డీసీఈ దగ్గర ఆగిపోయాయి. బ్యాక్టీరియా వేసిన మడిలో దాదాపు 200 రోజుల్లో పీసీఈ, టీసీఈ, డీసీఈ మూడూ 5 మైక్రోగ్రాముల కిందికి వచ్చాయి, తగ్గినదానికి సరిపడా ఇథిలీన్ కనిపించింది.

మన ఇళ్లలో తెలియని సంగతేమీ కాదిది. పాలలో తోడు వేస్తాం. చెంచాడు మజ్జిగ చుక్క గిన్నెడు పాలను పెరుగు చేస్తుంది. ఇంజనీర్లు చేసేది కూడా తోడు వేయడమే, కాకపోతే గిన్నె నేల కింద ఉంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, చల్లగా ఉంటే తోడుకోదు. ఇక్కడా అంతే. నీళ్లలో ఆక్సిజన్ మిగిలి ఉంటే తోడు వేయకూడదు. ముందుగా కొన్ని వారాలో నెలలో ఆహారం పంపితే, గాలి పీల్చే బ్యాక్టీరియా దాన్ని తింటూ ఉన్న ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. ఆ తర్వాత నైట్రేట్, ఇనుము, సల్ఫేట్ వంతు. ఇవన్నీ పీల్చే బ్యాక్టీరియా పోటీ తగ్గాకే డీహెచ్‌సీకి చోటు దొరుకుతుంది. నీరు మరీ చల్లగా ఉంటే పని మందగిస్తుంది. ప్రతి క్లోరిన్ ఊడినప్పుడూ కొంత ఆమ్లం పుడుతుంది కాబట్టి, నీళ్లు పుల్లబడితే డీహెచ్‌సీ ఆగిపోతుంది, అప్పుడు వంటసోడా లాంటిది కలపాలి.

ఆహారం విషయంలో ఇంకో చిక్కు ఉంది. హైడ్రోజన్ ఎక్కువగా పుడితే మీథేన్ చేసే సూక్ష్మజీవులు దాన్ని లాగేసుకుంటాయి. అతి తక్కువ హైడ్రోజన్‌తో కూడా నెట్టుకురాగలగడం డీహెచ్‌సీకి ఉన్న బలం. అందుకే చక్కెర పానకంలా గభాలున పులిసేదానికంటే సన్నసెగలా నిదానంగా పులిసేది మేలు. సోయా నూనెను పాలలా చిలికి, నీళ్లలో కలిసేలా చేసి నేలలోకి పంపడం ఇప్పుడు మామూలైపోయింది. ఒకసారి పంపితే ఒక్కోచోట ఏళ్ల పాటు సరిపోతుంది. పాతికేళ్ల పాటు మోటార్లు తిప్పే కరెంటు ఖర్చుతో పోలిస్తే నూనె ఖర్చు చాలా తక్కువ, ఈ పద్ధతి ఇంతగా వ్యాపించడానికి ముఖ్య కారణాల్లో అది ఒకటి.

అయితే ఆక్సిజన్ లేకుండా చేయడానికి మూల్యం ఉంది. మట్టిలో గట్టిగా ఉన్న ఇనుము, మాంగనీసు కరిగి నీళ్లలోకి వస్తాయి. ఇనుముకు అంటుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా వదులై రావచ్చు. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మీథేన్ పుడుతుంది, బోరు జల్లెడ బ్యాక్టీరియా జిగురుతో పూడుకుపోతుంది. ఆ చోటు దాటి నీళ్లు కిందికి ప్రవహించి మళ్లీ ఆక్సిజన్ తగిలితే ఇందులో చాలావరకు సర్దుకుంటాయి. కానీ దారిలో ఎవరి తాగునీటి బోరైనా ఉందా అన్నది మొదలుపెట్టకముందే చూసుకోవాల్సిన సంగతి.

పని జరిగిందని ఎలా నమ్మాలి? బోరులో టీసీఈ తగ్గడం ఒక్కటే రుజువు కాదు. మంచి వాన పడినా తగ్గుతుంది, నీళ్లు పక్కకు కదిలినా తగ్గుతుంది. అందుకే అణువుల లెక్క చూస్తారు. నూరు టీసీఈ అణువులు తగ్గితే డీసీఈ, వినైల్ క్లోరైడ్, ఇథిలీన్ కలిపి నూటికి దగ్గరగా కనబడాలి. ఇంకో పరీక్ష నాకు మరీ ముచ్చటగా అనిపిస్తుంది. ప్రకృతిలో కార్బన్‌లో నూటికి ఒక పాలు కాస్త బరువైన రకం ఉంటుంది. తేలిక కార్బన్ బంధం సులువుగా తెగుతుంది కాబట్టి బ్యాక్టీరియా పని చేస్తున్నకొద్దీ మిగిలిపోయే టీసీఈలో బరువు కార్బన్ వాటా పెరుగుతుంది. వాన నీళ్లు కలిస్తే ఆ వాటా మారదు. పలచబడిందా, విరిగిందా అన్నది ఆ ఒక్క కొలత తేల్చేస్తుంది. దానికి తోడు నీళ్లలో వీసీఆర్ఏ జన్యువు లీటరుకు ఎన్ని ప్రతులు ఉన్నాయో లెక్కపెడతారు.

విషం మింగే సూపర్ బ్యాక్టీరియా అన్న ఊహకు మన దేశస్తుడితోనూ సంబంధం ఉంది. బెంగాల్‌లో పుట్టిన ఆనంద చక్రవర్తి అమెరికాలో ముడి చమురును విరగ్గొట్టే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను తయారు చేశారు. దానికి పేటెంటు ఇవ్వొచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, జీవికి పేటెంటు అన్న చర్చలో ఇప్పటికీ అదే మైలురాయి. కానీ నేలలో ఇప్పటిదాకా జరిగిన పని చేసింది అలాంటి ఒంటరి వీరులు కాదు. ఒకరు పులియబెడితే ఒకరు విటమిన్ ఇచ్చి ఇంకొకరు క్లోరిన్ ఊడదీసే ఊరుమ్మడి సేద్యం అది. డీహెచ్‌సీని ఒంటరిగా పెంచడమే కష్టం, పదిమందిలో ఉంటేనే ఏపుగా పెరుగుతుంది.

మరి ఇది మన దగ్గర? ముందు కానిది చెబుతాను. నల్లగొండ ఫ్లోరైడును ఏ బ్యాక్టీరియా విరగ్గొట్టలేదు. ఫ్లోరైడు అంటే ఒక మూలకపు అయాన్, విరగ్గొట్టడానికి అందులో బంధమే లేదు, తీసేయాల్సిందే. సీసం, ఆర్సెనిక్ కూడా అంతే. కొన్ని లోహాలను కరగని రూపానికి మార్చి ఉన్నచోటే నిలబెట్టగల బ్యాక్టీరియా ఉన్నాయి గానీ లోహం ఎక్కడికీ పోదు.

పటాన్‌చెరు, బొల్లారం సంగతి వేరు. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసిన కథ 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. బల్క్ డ్రగ్ తయారీలో మామూలుగా వాడే సాల్వెంట్లలో టోలుయీన్‌ను బ్యాక్టీరియా తినగలదు, మిథిలీన్ క్లోరైడ్‌నూ తినగలదు. కానీ ఒక్క విషం ఉన్న చోటు వేరు, కలగాపులగం వేరు. క్లోరోఫాం కలిస్తే డీహెచ్‌సీ మందగిస్తుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ కొలిచారు. బ్యాక్టీరియాను చంపే మందే నీళ్లలో ఉన్నచోట బ్యాక్టీరియాతో పని చేయించాలంటే ముందు ఆ మందు రాకను ఆపాలి.

రెండో అడ్డంకి రాయి. డోవర్ నేల ఇసుక. పంపిన ఆహారం ఇసుకలో నలుదిక్కులా పాకుతుంది. పటాన్‌చెరు కింద ఉన్నది గ్రానైటు, నీళ్లు దాని పగుళ్లలో ఉంటాయి. పది అడుగుల దూరంలో వేసిన రెండు బోర్లలో ఒకదానికి నీళ్లు పడి ఇంకొకటి ఫెయిలవడం మన రైతులకు తెలిసిన బాధే. సోయా నూనె పోసినా, తోడు వేసినా అది విషం ఉన్న పగులులోకే వెళ్తుందని ముందే చెప్పడం కష్టం. రాతి పగుళ్లలోనూ ఈ పద్ధతి వాడిన చోట్లు ఉన్నాయి. కానీ అక్కడ మొదటి ఖర్చు బ్యాక్టీరియాకు కాదు. ఏ పగులు ఏ పగులుతో కలుస్తుందో తెలుసుకోవడానికి, ఏ లోతులో ఏ రసాయనం ఎంత ఉందో కొలవడానికి. మన దగ్గర ఎవరైనా ఈ పని మొదలుపెడితే నేను మొదట అడిగేది ఆ పటం గురించే. ఆ తర్వాత, పని నడుస్తున్నంతకాలం ప్రతి మూడు నెలలకూ వినైల్ క్లోరైడ్ ఎంత, ఇథిలీన్ ఎంత అని అడుగుతాను. ఆ రెండు అంకెలూ ఆ చుట్టుపక్కల బోరు నీళ్లు వాడుకునే ప్రతి ఇంటికీ తెలియాలి.